ఆఫీసు బట్టలు ఎంచుకోవడం ఎలా: గుడ్డ నుంచి బెల్టు, బూట్ల దాకా, ఓరుగల్లు ఎండకు తట్టుకునేలా

ఉద్యోగం ఖాయమైందని తెలియగానే చాలామంది చేసే మొదటి పని, వరంగల్ జేపీఎన్ రోడ్డుకో హన్మకొండ చౌరస్తాకో వెళ్లి, షాపువాళ్లు పరిచిన వాటిలో కంటికి నచ్చిన రంగు కొనేయడం. ఆర్నెల్లు తిరక్కుండానే ప్యాంటు వెనకవైపు నున్నగా మెరుస్తుంది. చొక్కా కాలర్ మీద బుడగలు లేస్తాయి. కుర్తా చేతులు మణికట్టు దాటి పైకి పోతాయి.

రంగు చివర్లో చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సినవి మూడు: ఆఫీసుకు దేని మీద వెళ్తారు, రోజంతా ఎక్కడ కూర్చుంటారు, ఆ బట్టను ఉతికి ఇస్త్రీ చేసేది ఎవరు. మూడోది ఎవరూ అడగరు గానీ, బట్ట ఎన్నాళ్లు మన్నుతుందో తేల్చేది ఎక్కువగా అదే. కింది వరుసంతా ఈ లెక్కలోనే రాశాను. బ్యాంకు, కలెక్టరేట్, కాలేజీ, మడికొండ ఐటీ ఆఫీసు, ఎక్కడ పనిచేసినా పనికొస్తుంది. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరువేరుగా చెప్పాల్సిన చోట అలాగే చెప్పాను.

## 1. షాపుకు వెళ్లే ముందు: మీ రోజును ఒక కాగితం మీద పెట్టండి

ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకోండి. పది నిమిషాల పని.

- బైకు, బస్సు, రైలు, నడక: వీటిలో దేని మీద ఎంతసేపు?
- కూర్చునే చోట ఏసీ ఉందా, ఫ్యానేనా? ఫీల్డుకు తిరగాలా?
- ఆఫీసులో ఇన్‌షర్ట్, టై, ఫలానా రంగు లాంటి నియమాలున్నాయా?
- ఇంట్లో వాషింగ్ మెషినా, చేతి ఉతుకా? నీళ్లు బోరువా, నల్లావా?
- ఇస్త్రీ మీరే చేసుకుంటారా, బయట ఇస్తారా?
- ఇప్పటికే ఇంట్లో ఉన్నవాటిలో ఆఫీసుకు పనికొచ్చేవి ఏవి?

కాజీపేట నుంచి రోజూ సికింద్రాబాద్ రైలెక్కే మనిషికి నలగని ప్యాంటు కావాలి. సుబేదారిలో ఇల్లు, నక్కలగుట్టలో ఆఫీసు ఉన్న మనిషికి ఆ బెంగ లేదు, ఆయన హాయిగా కాటన్ వేసుకోవచ్చు. ఇద్దరికీ షాపులో ఒకే గుడ్డ చూపిస్తారు, ఎందుకంటే మీరు దిగేది రైలో బైకో వాళ్లకు తెలియదు. వెళ్లగానే ఆ ముక్క చెప్పండి.

## 2. ఏ గుడ్డ ఎక్కడ పనికొస్తుంది

ఒక్క లెక్క గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. పత్తి మామూలు వాతావరణంలో తన బరువులో దాదాపు 8.5 శాతం తేమను పట్టి ఉంచుతుంది. విస్కోస్, అంటే మనం రేయాన్ అనేది, 11 నుంచి 13 శాతం దాకా పట్టుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. మే నెలలో 43, 44 డిగ్రీల ఎండలో పాలిస్టర్ చొక్కా ఒంటికి అతుక్కుపోయేది అందుకే: చెమటను గుడ్డ తాగదు, అది ఒంటి మీదే ఉండిపోతుంది. కాకపోతే నలగకపోవడంలో, తొందరగా ఆరడంలో పాలిస్టరే మేలు. కాబట్టి ఒంటికి ఆనుకుని ఉండే పైబట్టలో పత్తి ఎక్కువ, కూర్చుని నలిగే కిందిబట్టలో పాలిస్టర్ కొంత, ఇలా పంచుకుంటే సరిపోతుంది.

చొక్కాలకు. రోజువారీకి నూరు శాతం కాటన్, నూలు నంబరు 50 నుంచి 80 మధ్య చూడండి. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. 40 నంబరు గట్టిగా, కాస్త ముతకగా ఉంటుంది. 100 నంబరు మెత్తగా, మెరుపుగా ఉంటుంది కానీ వారం వారం బండ మీద బాదితే నిలవదు. ఇస్త్రీకి టైమ్ లేనివాళ్లు కాటన్, పాలిస్టర్ కలిసిన టెరికాటన్‌లో కాటన్ పాలు 60 శాతం ఉన్నది అడగాలి. పాలిస్టర్ పాలు ఎక్కువున్న టెరికాటన్ చవక, కానీ వేసవిలో దాంతో పడలేరు. లినెన్ ఎండకు బ్రహ్మాండంగా ఉంటుంది. బైకు దిగేసరికి మాత్రం వీపంతా ముడతలు. ఏసీ కారులో వెళ్లేవాళ్లకు, శనివారాలకు వదిలేయండి.

ప్యాంట్లకు. షాపుల్లో పీవీ అనే పాలీ-విస్కోస్ గుడ్డే మన ఆఫీసులకు సరైనది. 65 పాళ్లు పాలిస్టర్, 35 పాళ్లు విస్కోస్ ఉన్నది ఎక్కువగా దొరుకుతుంది. మడత నిలుస్తుంది, మోకాలి దగ్గర సంచిలా సాగదు. బరువు చదరపు మీటరుకు 220 నుంచి 260 గ్రాముల మధ్య ఉంటే ఏడాదంతా వేసుకోవచ్చు. అంతకన్నా పల్చనైతే జేబులో ఫోను అచ్చంగా కనిపిస్తుంది, అంతకన్నా మందమైతే ఏప్రిల్ నుంచే ఇబ్బంది. కాటన్ ప్యాంటు కావాలంటే ట్విల్ నేతది తీసుకోండి. దాని మీద గీతలు ఏటవాలుగా కనిపిస్తాయి. మోకాళ్లు, జేబు అంచుల దగ్గర రంగు వెలుస్తుందని ముందే తెలుసుకుని కొనాలి.

గుడ్డ అంచు మీద బంగారు అక్షరాలతో సూపర్ 100, సూపర్ 120 అని రాసి ఉంటుంది. ఆ నంబరు ఉన్ని పోగు ఎంత సన్నమో చెప్పడానికి పెట్టుకున్నది. ఉన్ని లేని గుడ్డ మీద దానికి అర్థం లేదు. దాన్ని చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి.

కుర్తాలకు. కాటన్, కాటన్ స్లబ్ (నూలు అక్కడక్కడా లావుగా ఉండే నేత) రెండూ మంచివే. రేయాన్ ఒంటి మీద మెత్తగా జారుతుంది, చవక కూడా. కానీ తడిసినప్పుడు దాని బలం బాగా తగ్గిపోతుంది, గట్టిగా పిండితే కుట్ల దగ్గర చిరుగుతుంది, మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతుంది. పైగా రోజూ బ్యాక్‌ప్యాక్ వేసుకుంటే భుజాల మీద చిన్న చిన్న ఉండలు లేస్తాయి. రేయాన్ ఇష్టమైతే ఒకటి రెండుకు మించి వద్దు.

చీరలకు. ఆఫీసుకు చీర కట్టేవాళ్లు రెండు రకాలు పెట్టుకుంటే చాలు. గంజి పెట్టే చేనేత కాటన్ ఒకటి, గంజి అక్కర్లేని క్రేప్ లాంటి జారుడు రకం ఒకటి. సిద్దిపేట గొల్లభామ చీరల్లో చిన్న బొమ్మలు, సన్న అంచు ఉన్నవి ఆఫీసుకు చక్కగా ఉంటాయి. బొమ్మలు ఒళ్లంతా పరుచుకున్నవి ఫంక్షన్‌కు ఉంచుకోండి. చేనేత అని చెప్పి మరమగ్గం చీర అంటగడతారేమోనన్న అనుమానం ఉంటే హ్యాండ్లూమ్ మార్క్ చీటీ ఉందో లేదో చూడండి, లేదా సహకార సంఘాల షోరూములో కొనండి.

## 3. కౌంటర్ దగ్గర గుడ్డను పరీక్షించే వరుస

మొహమాటం వద్దు. తాను, అంటే షాపులోని గుడ్డ మడత మొత్తం, విప్పించండి. ఏడు పనులు, ఇదే వరుసలో:

1. వెలుతురు. తానును గుమ్మం దాకా పట్టుకెళ్లి చూడండి. షాపులోని తెల్లటి లైట్ల కింద నేవీ బ్లూ, నలుపు ఒకేలా ఉంటాయి. ఇంటికొచ్చాక తేడా తెలిసి లాభం లేదు.
2. పిడికిలి. ఒక మూలను పిడికిట్లో పది సెకన్లు గట్టిగా పట్టి వదలండి. ముడతలు నెమ్మదిగానైనా విచ్చుకుంటే ఆఫీసుకు పనికొస్తుంది. కాగితంలా నలిగి అలాగే ఉండిపోతే మీకు రోజూ ఇస్త్రీ పనే.
3. గంజి. రెండు వేళ్ల మధ్య గుడ్డను గట్టిగా రుద్దండి. తెల్లటి పొడి రాలితే అది బిగువు కోసం పట్టించిన గంజి. ఉతికాక ఆ గుడ్డ సగమే మిగులుతుంది.
4. తడి రుమాలు. తెల్ల రుమాలు మూల తడిపి ముదురు రంగు గుడ్డ మీద పదిసార్లు రుద్దండి. రంగు అంటితే ఆ గుడ్డ చంకల దగ్గర బనియన్‌కు, చున్నీ అయితే మెడకు కూడా అంటుతుంది.
5. ఎదురు వెలుగు. గుడ్డను లైటుకు అడ్డంగా పట్టి అవతల మీ చేయి పెట్టండి. వేళ్లు విడివిడిగా కనిపిస్తే ఆ చొక్కా లోపల బనియన్ గీతలు కూడా కనిపిస్తాయి. కుర్తా అయితే లైనింగ్ తప్పదు.
6. పోగుల జారుడు. రెండు బొటనవేళ్లు పక్కపక్కన ఆనించి గుడ్డను రెండు వైపులకూ లాగండి. పోగులు పక్కకు తప్పుకుని సందు ఏర్పడితే, కుట్టించాక చంక దగ్గర, ప్యాంటు వెనక అదే జరుగుతుంది.
7. మడత గీత. తాను పైమడత, లోపలి మడత పక్కపక్కన పెట్టి చూడండి. చాన్నాళ్లు షెల్ఫులో ఉన్న సరుకు మడత వెంట వెలిసిపోతుంది. డిస్కౌంట్ సేల్‌లో ఇది తప్పకుండా చూడాలి.

షాపువాళ్లు ప్యూర్ కాటన్ అన్నదాన్ని నమ్మబుద్ధి కాకపోతే ఇంటికొచ్చి ఒక పోగు లాగి, స్టీలు ప్లేటు మీద అగ్గిపుల్లతో వెలిగించండి. పత్తి కాగితం కాలిన వాసనతో కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి నల్లపూసలా ముడుచుకుంటుంది. రెండూ కలిసిన గుడ్డలో బూడిదలో పూసలు తగులుతాయి. రేయాన్ కూడా పత్తిలాగే కాలుతుంది కాబట్టి ఆ రెంటి తేడా ఇందులో తెలియదు. నిలువు పోగు, అడ్డం పోగు రెండూ కాల్చి చూడండి, ఒక్కోసారి ఒకటి పత్తి, రెండోది పాలిస్టర్ ఉంటుంది.

## 4. రంగులు

దీని మీద ఎక్కువ చెప్పను. ప్యాంట్లు నేవీ, ముదురు బూడిద రంగు, తర్వాత కావాలంటే గోధుమ. చొక్కాలు తెలుపు, లేత నీలం, సన్న గీతలు. కుర్తాల్లో పైభాగం రంగురంగులది అయితే కింద ఒకే రంగు ప్యాంటు. నల్ల ప్యాంటు మొదటి ఎంపిక కాకూడదని నా మాట. దుమ్ము, దారాలు, చెమట ఉప్పు అన్నీ దాని మీదే కనిపిస్తాయి, ఉతికేకొద్దీ పాతబడ్డ సంగతి కూడా ముందు చెప్పేది అదే.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో తెల్ల చొక్కా కొన్నాళ్లకే మసకబారుతుంది. అలాంటి ఇంట్లో తెలుపు రెండుకు మించి వద్దు, లేత నీలం పెంచుకోండి.

## 5. ఎంత గుడ్డ కొనాలి

ముందు పన్నా, అంటే గుడ్డ వెడల్పు, అడగండి. పన్నా తెలియకుండా మీటర్లు చెప్పడం వల్లే గుడ్డ మిగిలిపోవడమో చాలకపోవడమో జరుగుతుంది. మధ్యరకం ఒడ్డూపొడుగూ ఉన్నవాళ్లకు ఈ లెక్క సరిపోతుంది:

- ఫుల్ హ్యాండ్స్ చొక్కా: 58 అంగుళాల పన్నా అయితే 1.6 మీటర్లు, 36 అంగుళాలైతే 2.25 నుంచి 2.5 మీటర్లు
- ప్యాంటు: 58 అంగుళాల పన్నాలో 1.2 నుంచి 1.3 మీటర్లు
- మోకాలి కిందిదాకా వచ్చే కుర్తా: 44 అంగుళాల పన్నాలో 2.5 మీటర్లు
- జాకెట్టు: 80 సెంటీమీటర్ల నుంచి 1 మీటరు
- బ్లేజర్: 58 అంగుళాల పన్నాలో 2 నుంచి 2.25 మీటర్లు

పెద్ద గళ్ల గుడ్డ అయితే 20 సెంటీమీటర్లు ఎక్కువ తీసుకోండి. జేబు దగ్గర, ముందు పట్టీ దగ్గర గళ్లు కలపాలంటే టైలర్‌కు ఆ మాత్రం కావాలి. నూరు శాతం కాటన్‌కు, రేయాన్‌కు మరో 10 సెంటీమీటర్లు కలపండి, అది తడిపినప్పుడు తగ్గే భాగం.

## 6. టైలర్ దగ్గర

కాటన్, రేయాన్ గుడ్డలు కొలతలకు ఇచ్చే ముందే ఒక రాత్రి మామూలు నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసి ఇవ్వండి. లైనింగ్ గుడ్డను కూడా తడపాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. పైగుడ్డ తగ్గకుండా లోపలిది తగ్గితే జాకెట్టు వీపు మీద కుచ్చుల్లా ముడుచుకుంటుంది, ఆ తర్వాత ఏ ఇస్త్రీ దాన్ని సాపు చేయలేదు. పీవీ గుడ్డను తడపక్కర్లేదు.

కొత్త టైలర్ అయితే అక్కడ వేలాడుతున్న, కుట్టడం పూర్తయిన చొక్కా ఒకటి చేతిలోకి తీసుకోండి. కాలర్ అంచు వెంట బొటనవేలు నడపండి. లోపలి గుడ్డ, పైగుడ్డ ఒక్కటిగా తగిలితే ఫ్యూజింగ్, అంటే బిగువు కోసం లోపల వేడితో అతికించే గుడ్డ, సరిగ్గా అతుక్కున్నట్టు. ఎక్కడైనా పొర జారినట్టు అనిపిస్తే, రెండో ఉతుకులో అక్కడే బుడగ వస్తుంది. తర్వాత చొక్కా తిరగేసి పక్కకుట్టు చూడండి. అంగుళానికి 12 కుట్లకు తగ్గకూడదు. గుండీ పట్టి కొంచెం లాగండి. దారం చివర వదులుగా వేలాడితే ఆ గుండీ ఎప్పుడో ఒకప్పుడు ఆఫీసులోనే రాలుతుంది.

కొలతలకు వెళ్లేటప్పుడు ఆఫీసుకు వేసుకునే బూట్లే వేసుకుని వెళ్లండి. చెప్పులతో ఇచ్చిన ప్యాంటు పొడవు బూట్లకు కుదరదు. అందుకే కొనే వరుసలో నేను బూట్లను ముందు పెడతాను: బూట్లు, బెల్టు, ప్యాంట్లు, చొక్కాలు. చీరకైనా అంతే, ఫాల్ కుట్టించేముందు రోజూ వేసుకునే చెప్పులతో పొడవు చూసుకోవాలి.

టైలర్‌కు నోటితో చెప్పి ఊరుకోకుండా కొలతల పుస్తకంలో రాయించాల్సినవి:

- ప్యాంటు వెనక కుట్టులో అంగుళంన్నర, కింద మడతలో 2 అంగుళాల గుడ్డ లోపల వదలాలి. ఒళ్లు చేస్తే విప్పుకోవచ్చు.
- చొక్కా భుజం కుట్టు భుజం ఎముక అంచున ఆగాలి, చేతి మీదికి జారకూడదు.
- చొక్కా ఇన్‌షర్ట్‌కా, బయటికా? ఇన్‌షర్ట్ అయితే పొడవు 2 అంగుళాలు ఎక్కువ.
- కుర్తాకు పక్క జేబు. అడిగితే తప్ప పెట్టరు.
- కాలర్‌కు, కఫ్‌కు మంచి ఫ్యూజింగ్. దానికి కొంచెం ఎక్కువ తీసుకున్నా ఇవ్వండి.

ట్రయల్ రోజు అద్దం ముందు నిలబడి సరిపోయిందనకండి. స్టూలు మీద కూర్చోండి. తొడల దగ్గర పట్టేస్తుందా చూడండి. రెండు చేతులూ బైకు హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు చాపండి. వీపు బిగుసుకున్నా, కఫ్ మణికట్టు దాటి నాలుగు వేళ్లు పైకి పోయినా అక్కడే సరిచేయించండి. "ఉతికితే సెట్ అయితది సార్" అంటారు. ఉతికితే తగ్గుతుంది గానీ పెరగదు.

## 7. బెల్టు, బూట్లు, బ్యాగు వగైరా

బూట్లు. సాయంత్రం కొనండి, పొద్దంతా నడిచాక పాదం కాస్త ఉబ్బుతుంది. అప్పుడు సరిపోయినవి ఎప్పుడూ కరవవు. మొదటి జత నల్లటి లేసుల బూట్లు, రెండోది ముదురు గోధుమ. పైభాగం తోలు, అడుగు రబ్బరు ఉండాలి. తోలు అడుగున్నవి మన వానల్లో టైల్స్ మీద జారతాయి. ఒకే జతను రోజూ వేయొద్దు. లోపలి చెమట ఆరడానికి ఒక రోజు పడుతుంది.

బెల్టు. బూట్ల రంగుదే కావాలి. వెడల్పు 3 నుంచి 3.5 సెంటీమీటర్లు. ప్యాంటు 34 అయితే బెల్టు 36 అడగండి, అయిదు రంధ్రాల్లో మధ్యదానికి బకిల్ పడాలి. అసలు తోలేనా అన్నది బెల్టు కోసిన అంచు చెబుతుంది. పీచులా ఉంటే తోలు, రెండు పల్చటి పొరల మధ్య అట్టలాంటిదో గుడ్డో కనిపిస్తే రెక్సిన్. రెక్సిన్ బెల్టు ఏడాదికి పొలుసులు ఊడుతుంది. రెండువైపులా వాడే తిరుగుడు బకిల్ బెల్టులు నాకు నచ్చవు, ఆ తిరిగే కీలు ముందు వదులవుతుంది.

సాక్సులు. ప్యాంటు రంగులో, పిక్క సగం దాకా. కూర్చున్నప్పుడు కాలు కనిపించకూడదు. కాటన్ ఎక్కువున్నవి ఆరు జతలు ఒకే రంగువి కొంటే ఒకటి పోయినా జత తప్పదు.

టై. తప్పనిసరి అయితేనే. వెడల్పు 3 అంగుళాలు, కట్టుకున్నాక కొస బెల్టు బకిల్‌ను తాకాలి. జిప్పు టైలు పిల్లల స్కూలుకు.

బ్యాగు. బ్యాక్‌ప్యాక్ పట్టీలు బ్లేజర్‌నూ కుర్తానూ భుజాల దగ్గర అరగదీస్తాయి. స్కూటీ ఉన్నవాళ్లు ముందు కాళ్ల దగ్గర పెట్టుకోవచ్చు. లేకపోతే పట్టీ లోపలివైపు నున్నగా ఉన్నది ఎంచుకోండి, గరుకు వలగుడ్డ వద్దు.

ఆడవాళ్లకు ప్రత్యేకంగా. మడమ ఎత్తు అంగుళం, అంగుళంన్నర, అదీ వెడల్పాటిది. మెట్లు, బస్సు, ఎగుడుదిగుడు రోడ్డు అన్నిటికీ అదే నిలుస్తుంది. చేతికి ఒక వైపు వాచీ, రెండో వైపు ఒకటి రెండు సన్న గాజులు. నిండుగా గాజులుంటే కీబోర్డు మీద చప్పుడు, పైగా జార్జెట్ చున్నీ వాటికే తగులుకుంటుంది. కరీంనగర్ ఫిలిగ్రీ వెండి తీగ పని చెవులకు అందంగా ఉంటుంది కానీ చివర్లు నున్నగా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడండి, లేదంటే చున్నీ పోగులు లాగేస్తుంది.

సేఫ్టీ పిన్ను పెట్టేటప్పుడు చిన్న ముత్యప్పూస ఒకటి పిన్నులో చివరిదాకా దూర్చి, ఆ తర్వాత చీరకు గుచ్చండి. పిన్ను చుట్టలో గుడ్డ ఇరుక్కోదు, చిల్లు పడదు. ఐడీ కార్డు క్లిప్పును కూడా నేరుగా సన్నటి చున్నీకి పెట్టొద్దు, మెడ తాడే మేలు.

## 8. కాలాన్ని బట్టి మార్పులు

మార్చి చివరి నుంచి జూన్ మొదటి వారాల దాకా కాటన్ చొక్కాలు, లేత రంగులు, లోపల కాటన్ బనియన్. బనియన్ వేస్తే ఇంకా ఉక్క అనుకుంటారు. నిజానికి చెమటను అది తాగుతుంది, చొక్కా చంకలు పసుపెక్కవు.

వానాకాలంలో కాటన్ ప్యాంటు తడిస్తే సాయంత్రం దాకా ఆరదు, పీవీ తొందరగా ఆరుతుంది. తోలు బూట్లు తడిస్తే ఎండలో పెట్టకండి, హీటర్ ముందూ వద్దు. లోపల పాత న్యూస్‌పేపర్ కుక్కి ఫ్యాను కింద ఉంచి, కాగితం తడిసినప్పుడల్లా మార్చండి. ఎండలో పెడితే తోలు పగులుతుంది.

చలికాలం వరంగల్‌లో ఒక సన్న స్వెటర్‌తో గడిచిపోతుంది. ఆదిలాబాద్ వైపు పోస్టింగ్ వస్తే పది డిగ్రీల కిందికి దిగే పొద్దులుంటాయి, అక్కడ టెరీవుల్ (పాలిస్టర్, ఉన్ని కలిసిన గుడ్డ) బ్లేజర్ ఒకటి నిజంగానే పనికొస్తుంది.

## 9. తరచూ జరిగే తప్పులు, సవరణలు

ప్యాంటు మెరుస్తోంది. బొగ్గుల ఇస్త్రీ పెట్టె బాగా కాలినప్పుడు పీవీ గుడ్డ మీద నేరుగా పడితే పోగులు చదునై మెరుస్తాయి. ఇచ్చేటప్పుడే "ఇది తిరగేసి చెయ్యన్నా, పైన గుడ్డ వేసి" అని చెప్పండి. కొద్దిగా మెరుపెక్కినదాన్ని తడి గుడ్డ వేసి ఆవిరి పట్టిస్తే కొంత తగ్గుతుంది. ఎక్కువైతే పోదు.

చంకల దగ్గర పసుపు. క్లోరిన్ బ్లీచ్ వేయకండి, ఆ మరక ఇంకా ముదురుతుంది. విప్పగానే చల్లని నీళ్లలో జాడించి, వంటసోడా ముద్ద పట్టించి అరగంట ఉంచి ఉతకండి. డియోడరెంట్ ఆరకముందే చొక్కా తొడగడం ఇందుకు సగం కారణం.

కాలర్ బుడగలు. ఫ్యూజింగ్ ఊడిపోయింది. చొక్కా కొత్తదైతే టైలర్‌తో కాలర్ మార్పించండి. ఇస్త్రీతో అతికించే ప్రయత్నం ఒక ఉతుకు వరకే.

రంగు దిగుతోంది. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు పడుతుందని అందరూ చెబుతారు. ఇప్పటి రంగులకు దాంతో పెద్ద ప్రయోజనం ఉండదు. మొదటి మూడు నాలుగు ఉతుకులు విడిగా, చల్లని నీళ్లలో, తిరగేసి ఉతికి నీడలో ఆరేయండి. అప్పటికీ దిగుతుంటే ఆ గుడ్డ రంగు నాసిరకమే.

గంజి పెట్టిన చీరకు పురుగు. గంజితోనే బీరువాలో నెలల తరబడి పెడితే వెండి పురుగు పడుతుంది. సీజన్ అయ్యాక గంజి వదిలేలా ఉతికి దాచండి, కట్టేముందు మళ్లీ పెట్టుకోండి.

రేయాన్ కుర్తా పొట్టయింది. తడిగా ఉన్నప్పుడు సాపుగా పరిచి నెమ్మదిగా నిలువునా లాగి ఆరేస్తే కొంత వెనక్కి వస్తుంది. హ్యాంగర్‌కు తడిగా వేలాడదీస్తే భుజాలు సాగుతాయి.

## 10. మొదటి నెల జీతం రాకముందు ఎంత కొనాలి, ఎప్పుడు కొనాలి

ఒకేసారి పది జతలు కుట్టించకండి. ఒక టైలర్ చేతివాటం, ఒక గుడ్డ ఉతుకు తెలిశాకే మిగతావి. మొదటి విడతకు ఇవి చాలు:

- మగవాళ్లకు: నల్ల బూట్లు, బెల్టు, నేవీ, బూడిద రంగు ప్యాంట్లు రెండు, చొక్కాలు నాలుగు
- ఆడవాళ్లకు: చెప్పులు లేదా బూట్లు, కుర్తాలు నాలుగు, ఒకే రంగు ప్యాంట్లు రెండు, ఒక చున్నీ. చీర కట్టేవాళ్లకు రెండు కాటన్, ఒక క్రేప్, మూడింటికీ కుదిరే ఒకటి రెండు జాకెట్లు
- ఇద్దరికీ: రుమాళ్లు ఆరు, చిన్న డబ్బాలో సూది, దారం, రెండు గుండీలు, నాలుగు పిన్నులు. ఇది ఆఫీసు డ్రాయర్‌లో ఉండాలి

డబ్బు తక్కువైతే చొక్కాల్లో తగ్గించుకోండి, బూట్లలో, ప్యాంటు గుడ్డలో కాదు. చొక్కా మారుస్తుంటే కొత్తగా కనిపిస్తారు, ప్యాంట్లు రెండే అని ఎవరూ లెక్కపెట్టరు.

గడువు లేకపోతే ఆషాఢం దాకా ఆగండి. షాపుల్లో సేల్ ఉంటుంది, ముహూర్తాలు ఉండవు కాబట్టి టైలర్లకు పెళ్లి బట్టల ఒత్తిడి ఉండదు. స్కూలు యూనిఫాంల రద్దీ తగ్గాక ఇస్తే ఇంకా మంచిది. శ్రావణం మొదలైందంటే మళ్లీ పెళ్లిళ్లు, వెంటనే బతుకమ్మ, దసరా. అప్పుడు ఆఫీసు ప్యాంటు ఇస్తే అడుగున పడిపోతుంది. దసరాకు కావాలంటే కనీసం నెలన్నర ముందు ఇచ్చి, ట్రయల్ తేదీ చీటీ మీద రాయించుకోండి. కుట్టాక మిగిలిన గుడ్డ ముక్కలు అడిగి తెచ్చుకోండి. జేబు చిరిగినా, తర్వాత దానికి జతగా చొక్కా గుడ్డ కొనాల్సి వచ్చినా ఆ ముక్క చేతిలో ఉంటే పని సులువు.